చెట్టు కింద ఎన్ని రాలినయ్?

2024 ఉగాది ఏప్రిల్ 9న, మంగళవారం వచ్చింది. పొద్దున్నే పచ్చడి తిని, పులిహోర డబ్బాకు మూత బిగించి, ఎల్బీనగర్ చౌరస్తాలో సాగర్ రోడ్డు పట్టాం. బండిలో ఏడుగురం. అందరినీ పోగేసింది నేనే. "మోదుగు పూలు జూపిస్త రాండ్రి, అడవి అంటుకున్నట్టే ఉంటది" అని వారం రోజులు ఊరించాను. ఇబ్రహీంపట్నం దాటింది. యాచారం దాటింది. మాల్, చింతపల్లి కూడా దాటాయి. ఎర్రటి చుక్క ఒక్కటి కనబడలేదు. మోదుగు చెట్లు లేక కాదు. లేత ఆకు తొడిగి, చిక్కుడు కాయల్లాంటి చదును కాయలు వేలాడేసుకుని, తమకేం సంబంధం లేనట్టు నిలబడి ఉన్నాయి.

"ఏడున్నయయ్యా నీ పూలు?" అంది మా ఇంటామె. వెనక సీట్లోంచి బామ్మర్ది, "బావా, టికెట్ పైసలు వాపస్ ఇయ్యి" అన్నాడు.

నేను ఆర్టీసీ కండక్టర్ని. రిటైరై చాలా రోజులైంది కానీ ఆ మాట నోట్లోంచి పోదు. ఇల్లు కొత్తపేటలో. పండ్ల మార్కెట్ బాటసింగారానికి తరలిపోయాక మా వీధికి ఎండాకాలం వచ్చిందని మామిడి వాసన చెప్పడం మానేసింది, క్యాలెండరే చెప్పాలి. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో ఎక్కువ భాగం దేవరకొండ వైపు డ్యూటీలే చేశాను. కూర్చున్న ప్రయాణికుడికి ఒక కిటికీయే దొరుకుతుంది. నిలబడ్డ కండక్టర్‌కి బస్సులోని కిటికీలన్నీ సొంతమే. కాబట్టి ఆ రోడ్డు మీద ఏ మలుపులో ఏ చెట్టుందో నాకు తెలుసు. తెలిసీ ఆరుగురిని మోసం చేశాను.

ఇంటికొచ్చి పాత డైరీలు తీశాను. ఎవరికి ఎంత చిల్లర బాకీ, ఎవరితో డ్యూటీ మార్చుకున్నాను, ఇవే అందులో ఎక్కువ. మధ్యమధ్య ‘గున్‌గల్ మోదుగు మొదలు’ అనీ, ‘మల్లేపల్లి కాడ బాగున్నది’ అనీ ఒక ముక్క కనబడుతుంది. ఆ ముక్కలన్నీ ఫిబ్రవరి, మార్చి పేజీల్లోనే ఉన్నాయి. ఏప్రిల్‌లో ఒక్కటీ లేదు. డ్యూటీలో ఉన్నప్పుడు పూల కోసం నేను పోలేదు. రోజూ అదే రోడ్డు, పూసిన నాడు కనబడేవి. రిటైరయ్యాక పిల్లల సెలవు, పక్కింటాయన సెలవు, బండి ఖాళీ, పండుగ, అన్నీ చూసుకుని బయల్దేరాను. చెట్టును తప్ప అందరినీ అడిగాను.

ఆ రాత్రి వర్జీనియాలో ఉన్న మా బిడ్డకు ఫోన్లో ఈ గోడు చెబితే నవ్వింది. "నాయినా, మీరు పండుగ జూస్కొని పోయిండ్రు. ఇక్కడ మేం చెట్టును జూస్కొని పోతం" అంది. వాళ్లు ప్రతి వసంతంలో వాషింగ్టన్ నగరంలో టైడల్ బేసిన్ అనే చెరువులాంటి చోటికి చెర్రీ పూలు చూడటానికి పోతారు. అక్కడి తెలుగువాళ్ల ఫోన్లన్నీ ఆ నాలుగు రోజులు గులాబీ రంగే. ఆ చెట్లు జపాన్ ఇచ్చిన కానుక. 1910లో మొదట 2,000 మొక్కలు పంపితే వాటికి పురుగు పట్టిందని అమెరికా వాళ్లు తగలబెట్టారు. జపాన్ వాళ్లు అలిగి ఊరుకోకుండా 1912లో మళ్లీ 3,020 మొక్కలు పంపారు. ఇప్పుడక్కడ నేషనల్ పార్క్ సర్వీసు వాళ్లు యొషినో రకం చెట్ల మీద 70 శాతం పూలు విచ్చిన రోజును ‘పీక్ బ్లూమ్’ అని ప్రకటిస్తారు. ఆ రోజు 2024లో మార్చి 17న వచ్చింది, 2025లో మార్చి 28న. ఏడాదికీ ఏడాదికీ పదకొండు రోజుల తేడా. విమానం టికెట్లు ముందే కొనుక్కున్నవాళ్ల గతి ఏం కావాలి?

జపాన్లో ఇంకా నిక్కచ్చి. టోక్యోలో యసుకుని గుడి ఆవరణలో ఒక చెట్టుంది. వాతావరణ శాఖ మనుషులు పోయి దాన్ని కంటితో చూస్తారు. ఐదారు పూలు విచ్చితే నగరంలో సకురా, అంటే చెర్రీ పూత, మొదలైందని ప్రకటిస్తారు. క్యోటోలో పూల తేదీలు పాత డైరీల నుంచీ రాజుల విందుల రాతల నుంచీ ఏరి కూర్చితే ఆ లెక్క 812వ సంవత్సరం దాకా వెనక్కి పోయింది. 2021లో అక్కడ మార్చి 26కే పూలు నిండుగా విరిసేసరికి, పన్నెండు వందల ఏళ్లలో ఇంత ముందు ఎన్నడూ లేదని తేలింది. చిల్లర బాకీల మధ్య మోదుగు సంగతి రాసుకున్న నా డైరీల మీద ఇది విన్నాక నాకు కొంచెం గౌరవం పెరిగింది.

బిడ్డ ఇంకో లెక్క కూడా చెప్పింది. టోక్యోలో ఫిబ్రవరి 1 నుంచి ప్రతి రోజూ పగటి గరిష్ఠ ఉష్ణోగ్రతను కూడుకుంటూ పోతారట. మొత్తం 600 డిగ్రీలకు చేరే సరికి సకురా విచ్చుకుంటుందని ఒక మోటు అంచనా. మన దగ్గర ఫిబ్రవరిలో పగలు 30 దాటుతుంది. నేను కూడితే ఫిబ్రవరి 20 కల్లా 600 అయిపోయింది. మన మోదుగు కూడా ఇంచుమించు అప్పుడే అందుకుంటుంది. రెండూ కలవడం కాకతాళీయమే, వాళ్ల చెట్టు చలి నుంచి లేస్తుంది, మన చెట్టుకు అంత చలెక్కడిది? అయినా ఆ రోజు మా ఇంటామెకు ఈ లెక్క గొప్పగానే చెప్పుకున్నాను.

మోదుగు సంగతి తెలిస్తే ప్రయాణం ఎప్పుడు పెట్టుకోవాలో దానంతట అదే తెలుస్తుంది. చలి తగ్గే వేళకు ఇది ఆకు రాలుస్తుంది. కొమ్మలు బోసిపోయాక, గోధుమ నలుపు మఖమల్ గుడ్డ కప్పినట్టున్న మొగ్గలు గుత్తులు గుత్తులుగా వస్తాయి. అవి విచ్చితే లోపలి కాషాయం బయటపడుతుంది. ఒక్కో పువ్వు చిలుక ముక్కులా వంపు తిరిగి ఉంటుంది. ‘ఇది చిలుకా ఏమి?’ అనిపించే కదా సంస్కృతంలో కింశుకం అన్నారు. వాసన ఉండదు. వాసన లేని పువ్వని కవులు దీన్ని ఎంత చిన్నచూపు చూసినా, ఇది పిలిచేది ముక్కున్న మనిషిని కాదు, కన్నున్న పిట్టను. తేనెపిట్టలు, గోరింకలు వచ్చి పూల అడుగున ఉన్న తేనె తాగుతాయి, పుప్పొడి మోసుకుపోతాయి. ఆకు అడ్డం లేకపోతే పిట్టకు దూరం నుంచే కనబడుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. ఇప్పుడు పూస్తేనే వానలకు ముందు కాయలు ఎండి, పలుచని రెక్కలాంటి కాయ గాలికి ఎగిరిపోయి, చివరనున్న ఒక్క గింజ తొలకరికి నేల మీద సిద్ధంగా ఉంటుంది. ఆ తర్వాత ఆకు. ఏ జిల్లాకు పోయినా మూడేసి ఆకులు. విస్తర్లు కుట్టుకునేవాళ్లకు అప్పుడు పని.

అంటే ఉగాది నాటికి పూలను వెతకడం బస్సు పోయాక స్టేజీలో నిలబడటమే. మన పండుగలు చాలావరకు చంద్రుడి వెంట నడుస్తాయి. శివరాత్రి 2023లో ఫిబ్రవరి 18న, 2024లో మార్చి 8న, 2025లో ఫిబ్రవరి 26న వచ్చింది. ఉగాది ఆ మూడేళ్లలో మార్చి 22, ఏప్రిల్ 9, మార్చి 30. ఇలా వెనక్కీ ముందుకీ ఊగుతుంది. మధ్యలో అధిక మాసం పడితే ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. మోదుగుకు అధిక మాసం తెలియదు.

మరి చెట్టును ఎట్లా అడగాలి? మన రోడ్లకు ఏ వాతావరణ శాఖా పూల జోస్యం చెప్పదు. సీజన్‌వాచ్ అని దేశవ్యాప్తంగా నడిచే ఒక కార్యక్రమం ఉంది, 2010 నుంచి. ఎవరైనా తమ దగ్గరున్న ఒక చెట్టును ఎంచుకుని వారం వారం ఆకు, పువ్వు, కాయ ఎంతున్నాయో నమోదు చేయొచ్చు. మా కాలనీ పిల్లల చేత ఒక కానుగ చెట్టుకు మొదలుపెట్టించాను. నా సొంత పద్ధతి మాత్రం ఫోను. మాల్‌లో చాయ్ హోటల్ నడిపే ఆయన నాకు డ్యూటీ రోజుల నుంచి తెలుసు. మొదట్లో "పూసిందా?" అని అడిగేవాణ్ని. "ఆ, పూసింది సార్" అనేవాడు. రెండు పూలున్నా పూసినట్టే కదా, ఆయన తప్పేం లేదు. అందుకని ప్రశ్న మార్చాను. "చెట్టు కింద ఎన్ని రాలినయ్?"

ఈ ఒక్క మాటకు జవాబు దొరికితే మిగతాదంతా తేలిపోతుంది. ఏమీ రాలలేదంటే పది రోజులు ఆగాలి. ఒక చెంబెడు రాలాయంటే బండి మాట్లాడుకోవాలి. చాపంత రాలి, పైన ఇంకా నిండుగా ఉందంటే తెల్లారే పోవాలి, ఆదివారం కోసం కూడా చూడొద్దు. రాలినవి వడిలిపోయి, పైన కొమ్మ చివర లేతాకు మెరుస్తోందంటే ఆ రోడ్డు వదిలేయాలి. అన్ని చెట్లూ ఒకేసారి పూయవు. నేను చూసినంతలో బండ నేల మీదివి ముందు, చెరువు పక్కవి వెనక. కాబట్టి ఒక్క మనిషిని కాదు, దారి పొడుగునా ఇద్దరు ముగ్గురిని అడగాలి.

2025లో అలాగే చేశాను. ఫిబ్రవరి మూడో వారంలో మాల్ నుంచి ‘చెంబెడు’ కబురు. శివరాత్రి బుధవారం. ఆ రెండు మూడు రోజులు శ్రీశైలం దారి బండ్లతో, కాలినడకన పోయే స్వాములతో నిండి ఉంటుంది కనుక ఆ వైపు తలపెట్టలేదు. ఆ వారం చివరికి ‘చాపంత’ అన్నాడు. మార్చి 2, ఆదివారం. ఏడుగురిలో ఐదుగురమే కదిలాం. పోయినసారి అనుభవం మిగతా ఇద్దరినీ ఇంట్లోనే కూర్చోబెట్టింది.

ఐదున్నరకు ఎల్బీనగర్ దాటేశాం. బీఎన్ రెడ్డి నగర్, తుర్కయంజాల్ మీదుగా పోతుంటే అంతా ఇళ్లే, అపార్ట్‌మెంట్లే. బొంగ్లూరులో ఔటర్ రింగ్ రోడ్డు దాటాక కానీ ఊపిరాడదు. నేను డ్యూటీలో చేరిన కొత్తలో బీఎన్ రెడ్డి నగర్ దాటితేనే పొలాలు. ఇక్కడొక కండక్టర్ కిటుకు చెబుతాను. పొద్దున పోయేటప్పుడు కుడి కిటికీ పక్కన కూర్చోండి. సాగర్ రోడ్డు దక్షిణానికి పోతుంది, సూర్యుడు ఎడమ వైపు లేస్తాడు. కుడి పక్క చెట్ల ముఖాన ఎండ పడి పూలు వెలుగుతాయి, మన కళ్లలో ఎండ పడదు. సాయంత్రం శ్రీశైలం హైవే మీద ఉత్తరానికి తిరిగొచ్చేటప్పుడు సూర్యుడు మళ్లీ ఎడమకే ఉంటాడు. అందుకని రెండు పూటలా కుడి కిటికీయే. బామ్మర్దికి ఎడమ సీటు ఇచ్చాను, టికెట్ పైసలు అడిగినందుకు.

గున్‌గల్ అడవి పక్కన మొదటి చెట్టు కనబడింది. ఆకు లేదు, ఒళ్లంతా కాషాయం. మాల్‌లో టిఫిన్ చేసి, చాయ్ హోటలాయనకు దండం పెట్టి కదిలాం. కొండమల్లేపల్లి దగ్గర సాగర్ రోడ్డు వదిలి దేవరకొండ వైపు తిరిగితే నేల మారుతుంది. రాళ్లు, గుట్టలు, వాటి మధ్య పొలం గట్ల మీద మోదుగు. రేచర్ల పద్మనాయకుల కోట ఉన్న గుట్టలు వెనక, ముందు పూసిన చెట్టు. బామ్మర్ది కెమెరా అక్కడ కిందికి దిగనే లేదు. ఎక్కడబడితే అక్కడ బండి ఆపనివ్వలేదు నేను. హైవే మలుపులో ఆగితే పూలు కాదు, లారీ కనబడుతుంది. ఊరి దారి చీలే చోట ఆపి నడవాలి. ముళ్లుంటాయి, చెప్పులు గట్టివి వేసుకోవాలి.

ఒక తండా దగ్గర పొలం గట్టున ఇద్దరు ఆడవాళ్లు రాలిన పూలు గంపలోకి ఏరుకుంటున్నారు. హోళికి రంగు కోసం. దేవరకొండ చుట్టుపక్కల తండాలు ఎక్కువ, హోళి వాళ్లకు పెద్ద పండుగ. మోదుగు పువ్వును లంబాడీలు కేసులా అంటారు. "కొమ్మ ఇరవకుండ్రి అన్నా, కిందియి జాలు" అంది ఆమె, నేను అడగకముందే. మా ఇంటామె కొంగులో పట్టినన్ని ఏరుకుంది. 2014లో మోదుగును కాక తంగేడును తెలంగాణ రాష్ట్ర పుష్పం చేశారు. బతుకమ్మ పువ్వు, దానికి ఆ మర్యాద దక్కాల్సిందే. కానీ సాయుధ పోరాట కాలం మీద నవల రాసిన దాశరథి రంగాచార్య దానికి ‘మోదుగుపూలు’ అని పేరెందుకు పెట్టారో ఆ గట్టు మీద నిలబడ్డవాడికి వేరే చెప్పనక్కర్లేదు.

పదకొండు దాటాక పూల రంగు చచ్చిపోతుంది, నడినెత్తి ఎండలో అంతా వెలిసిన గుడ్డలా ఉంటుంది. ఆ వేళ చింత చెట్టు కింద చాప పరచి తిని పడుకోవడమే పని. మేం డిండి దగ్గర ఆగి, మూడున్నరకు లేచి, శ్రీశైలం హైవే మీద ఆమనగల్లు, కడ్తాల్ మీదుగా వచ్చేశాం. ఓపికా రెండు రోజుల వ్యవధీ ఉన్నవాళ్లు డిండి నుంచి వెనక్కి రాకుండా మన్ననూరు వైపు పోవచ్చు. అక్కడి నుంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా ఆ అడవి దారిలో బండ్లను పోనివ్వరు. నల్లమలలో మోదుగుతో పాటు బోసి కొమ్మల మీద పసుపు గిన్నెల్లా పూసే కొండగోగు, ముళ్ల మాను మీద ఎర్రగా విచ్చే బూరుగు కూడా ఈ రోజుల్లోనే కనబడతాయి. ఎండుటాకు కాలమిది. అక్కడ పొయ్యి పెట్టడం, బీడీ పారేయడం కుదరదు, పులిహోరే మేలు.

ఇదంతా విని, మాకు అంత దూరం ఎక్కడ కుదురుతుంది అనేవాళ్లు దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడి దగ్గర నాకు చాలామంది తగులుతారు. వాళ్లకు మెట్రో చూపిస్తాను. 2018 సెప్టెంబర్లో అమీర్‌పేట - ఎల్బీనగర్ మెట్రో మొదలయ్యాక మనకు ఒక లాభం జరిగింది. చెట్టును కింది నుంచి కాదు, దాని తల ఎత్తు నుంచి చూస్తున్నాం. ఎల్బీనగర్‌లో ఎక్కి అసెంబ్లీ స్టేషన్లో దిగితే పబ్లిక్ గార్డెన్స్ పక్కనే. ఫిబ్రవరి, మార్చిల్లో నగరంలో అక్కడక్కడ గులాబీ రంగు బూరల్లాంటి పూలతో నిలబడే చెట్టు టబేబుయా, అమెరికా ఖండం నుంచి వచ్చింది. బిడ్డకు ఆ ఫోటో పంపి ‘మా సకురా’ అంటే నమ్మింది కూడా. వనస్థలిపురం దగ్గరి మహావీర్ హరిణ వనస్థలి ఇంకా దగ్గర. ఒకప్పటి నిజాం వేటమైదానం. మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరమని 1975లో ఆయన పేరు పెట్టారు. అక్కడికి జనం కృష్ణజింకల కోసం పోతారు. చెట్ల కోసం పోతే గుంపు ఉండదు.

ఉగాదికే కదలగలం అనుకుంటే ఉగాదికి పూసేవాటి కోసమే పోండి. వేప, కానుగ. కానుగ కింద నిలబడితే లేత ఊదా రంగు పూత అన్నం మెతుకుల్లా నెత్తిన రాలుతుంది. ఏప్రిల్ చివర నుంచి రేల, పచ్చ గొలుసులు వేలాడేసినట్టు. మే నెలలో తురాయి. అరకు పసుపు పూల ఫోటోలు చూసి వసంతంలో బయల్దేరే వాళ్లున్నారు, అవి వలిసె పూలు, నవంబర్ - డిసెంబర్ పంట. బండి మాట్లాడుకునే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

కొంగులో తెచ్చిన పూలను మా ఇంటామె రాత్రి వేడినీళ్లలో నానబెట్టింది. తెల్లారేసరికి బకెట్లో నారింజ రంగు నీళ్లు. నా తెల్ల తువాలు ముంచి తీస్తే పసుపు పచ్చగా తేలింది. బాల్కనీలో ఆరేస్తే కింది నుంచి పోయేవాళ్లు ఆగి చూశారు. రెండు ఉతుకులకు మళ్లీ తెల్లబడింది. పటిక వేయాలట, రంగు పట్టి ఉండాలంటే. పక్క వీధి కిరాణా కొట్టతను చెప్పాడు.

2026లో శివరాత్రి ఫిబ్రవరి 15న. పటిక పొట్లం వంటింటి అలమరలో ఉప్పు డబ్బా పక్కన ఉంది. నిన్న మాల్‌కు ఫోన్ చేశాను. "కింద ఎన్ని రాలినయ్?" అంటే, "ఇంకా ఆకే రాలుతున్నది సార్" అన్నాడు.